ఓడ మీది ఇంటి వీడియో: కనబడని చిత్రకారుడు, వినబడే గొంతు – ఉద్దానం తీరం నుంచి ఒక పఠనం

వ్యాససంగ్రహం

విహారనౌకలో గడిపిన సెలవు రోజులను కుటుంబ సభ్యులే చిత్రించుకున్న వీడియో టేపును చాలా ఏళ్ల తరువాత మళ్లీ చూడటాన్ని ఒక పఠనప్రక్రియగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇంటి వీడియోపై సాగిన చర్చ దృశ్యానికి ఇచ్చిన ప్రాధాన్యాన్ని శబ్దానికి ఇవ్వలేదని, ముఖ్యంగా కెమెరా పట్టుకున్న వ్యక్తి గొంతును పాఠంలో భాగంగా గుర్తించలేదని ప్రతిపాదిస్తుంది. శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు పరిసరాల నేపథ్యంలో ఈ లోపం ఎందుకు చిన్నది కాదో చర్చిస్తుంది. పాత టేపులను కొత్త రూపంలోకి మార్చే పనికి తెలుగు పాఠపరిష్కరణ సంప్రదాయం ఏ మేరకు తోడ్పడగలదో సూచిస్తుంది.

కీలకపదాలు: ఇంటి వీడియో, పునర్వీక్షణ, విహారనౌక, ఉద్దానం, కంఠస్వరం, పాఠపరిష్కరణ, ప్రవాసం.

1. ఉపోద్ఘాతం

ఏనుగుల వీరాస్వామయ్య 1830–31 సంవత్సరాల్లో చేసిన కాశీయాత్ర విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు ఎప్పటికప్పుడు రాసి పంపారు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ను తెలుగు పరిశోధకులు భాష కోసం, చరిత్ర కోసం, ఊళ్ల వివరాల కోసం చదువుతూ వచ్చారు. తిరుగు ప్రయాణంలో ఆయన గంజాం, శ్రీకాకుళం ప్రాంతాల మీదుగానే దక్షిణానికి వచ్చారు. ఆ గ్రంథాన్ని ఈనాటికీ చదివించే గుణాల్లో ఒకటి, అది దూరంగా ఉన్న ఒక మనిషికి చెబుతున్న మాట కావడం. చూసిన ఊరు పాఠకుడికి కనిపిస్తుంది. చూస్తున్న మనిషి మాత్రం కనిపించడు, వినిపిస్తాడు.

లేఖను, దినచర్యను, యాత్రాచరిత్రను వాఙ్మయంగా అంగీకరించిన తెలుగు పరిశోధన, అదే పనిని కెమెరాతో చేసిన ఇంటి వీడియోను ఇంకా గుమ్మం బయటే నిలబెట్టింది. దానికి చెప్పే కారణాలు తెలిసినవే. అది కదిలిపోయే బొమ్మ, దానికి రచన లేదు, నిర్మాణం లేదు, ఆ ఇంటివారికి తప్ప ఇతరులకు విసుగు. మూడు ఆక్షేపణలూ చాలావరకు నిజమే. అయితే కైఫియత్తులను గురించి, పల్లెపాటలను గురించి ఒకప్పుడు ఇంతకన్నా కఠినమైన మాటలే వినిపించాయి.

ఇంటి వీడియోల్లో ఓడ ప్రయాణానికి సంబంధించినవి ప్రత్యేకమైన ఉపజాతి. పెళ్లికి పురోహితుడు క్రమం నిర్ణయిస్తాడు, పుట్టినరోజుకు కేకు నిర్ణయిస్తుంది. ఓడ మీది రోజులకు అలాంటి క్రమం ఉండదు. చుట్టూ నీరు, చేయడానికి పని లేదు, వెళ్లిపోవడానికి వీలు లేదు. కాబట్టి కెమెరా ఎక్కువసేపు తిరుగుతుంది, మనుషులు ఎక్కువగా మాట్లాడతారు. ఈ తీరికే ఆ టేపులకు విలువ తెచ్చింది.

2. తీరం నుంచి చూస్తే

వజ్రపుకొత్తూరు మండలం బంగాళాఖాతం ఒడ్డున ఉంది. నువ్వలరేవు, మంచినీళ్లపేట, అక్కుపల్లి, దేవునల్తాడ వంటి ఊళ్లకు సముద్రం ఇంటి వెనుక పెరడు వంటిది. లోపలి ఊళ్లది జీడిమామిడి, కొబ్బరి, పనస తోటల బతుకు. పిక్కను జీడిపప్పుగా మార్చే పరిశ్రమ పలాస–కాశీబుగ్గలో ఉంది. ఇక్కడివారికి ఓడ కొత్త కాదు. కళింగపట్నం, బారువ ఒకప్పుడు ఓడలు ఆగిన రేవులు. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుంచి వేలమంది కూలీలు ఓడలెక్కి రంగూన్ వెళ్లారు. అండమాన్ దీవులకు వెళ్లి స్థిరపడినవారిలో ఈ జిల్లా మత్స్యకారులు గణనీయంగా ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు దాదాపు 13 శాతం. విశాఖపట్నం నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు వెళ్లే ప్రభుత్వ ఓడలో రెండు రోజులకు పైగా గడపాలి. అది విహారం కాదు, ప్రయాణం. ఆ ప్రయాణాలకు టికెట్లు, ఉత్తరాలు మిగిలాయి. ఇళ్లలో తీసుకున్న బొమ్మలు చాలా అరుదు.

విహారనౌక ఈ తీరానికి చేరింది మరో దారిలో. అమెరికాలో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులను రప్పించుకుని, నయాగరా జలపాతం, వాషింగ్టన్ చూపించిన తరువాత, ఫ్లోరిడా రేవుల నుంచి బహామాస్ దీవుల వైపు మూడు నాలుగు రోజుల ఓడ షికారుకు తీసుకువెళ్లడం తెలుగు ప్రవాస కుటుంబాలకు పరిచితమైన ఆనవాయితీ. అలా చిత్రించిన రీళ్లను పెద్ద క్యాసెట్‌లోకి కాపీ చేసి, తల్లిదండ్రుల పెట్టెలో చీరలకూ చాక్లెట్లకూ మధ్య పెట్టి పంపేవారు.

ఆ క్యాసెట్ ఇంటికి చేరగానే ఎదురయ్యే మొదటి ఆటంకం సాంకేతికమైనది. అమెరికా టేపు ఎన్‌టీఎస్‌సీ పద్ధతిది: 525 గీతలు, సెకనుకు సుమారు 30 చట్రాలు. భారతదేశంలో వాడిన పాల్ పద్ధతికి 625 గీతలు, 25 చట్రాలు. రెండు పద్ధతులూ తెలిసిన యంత్రం లేకపోతే బొమ్మ పైకి దొర్లిపోతూ, రంగులు వెలిసి, మాట మాత్రం కాస్త స్పష్టంగా వినిపిస్తుంది. యంత్రాల మధ్య పొత్తు కుదరక జరిగిన ఈ చిన్న ప్రమాదం ఇక్కడి వాదానికి అనుకోని సాక్ష్యం. అలాంటి ఇంట్లో ఓడను మొదట విన్నారు, తరువాత చూశారు.

తెరమీద మూలన ముద్రపడే తేదీ కూడా పరిశోధకుడిని తప్పుదారి పట్టించగలదు. అమెరికా అలవాటులో నెల ముందు, రోజు తరువాత. 7, 4 అని కనిపిస్తే అది ఏప్రిల్ 7 కాదు, జులై 4. ఆ దేశపు స్వాతంత్ర్య దినం. ఓడ మీద ఆ రాత్రి కాల్చిన బాణసంచాకు అర్థం తెలిసేది అప్పుడే.

3. మైకు ఎవరికి దగ్గర?

ఇంటి చిత్రాలపై సిద్ధాంత చర్చ తక్కువేమీ కాదు. రిచర్డ్ చాల్ఫెన్ 1987లో వీటిని కళగా కాక కుటుంబం తనలో తాను జరుపుకునే సంభాషణగా చూడాలన్నాడు. ప్యాట్రీషియా జిమ్మర్‌మన్ 1995లో ఔత్సాహిక చిత్రణ చరిత్రను రాసి, కెమెరా కంపెనీలు, పత్రికలు కలిసి దానిని కుటుంబ వినోదానికి ఎలా కుదించాయో చూపింది. ఫ్రెంచి సిద్ధాంతకర్త రోజే ఒదాఁ చెప్పినది మరింత ఆసక్తికరం: కుటుంబ చిత్రం బాగా తీయకపోవడమే మంచిది; అతుకులు సరిగా లేని బొమ్మ చూస్తున్నప్పుడే ఇంటివారు తలో మాట అందుకుని కథను పూర్తి చేస్తారు; చక్కగా కూర్చిన చిత్రం వారి నోరు మూయిస్తుంది.

ఒదాఁ ప్రతిపాదనలో లోతు ఉంది, ఒక ధీమా కూడా ఉంది. టీవీ ముందు ఆ ఇంటివారు కూర్చుని ఉంటారన్నది ఆ ధీమా. ఉద్దానంలో దానిని అంత తేలికగా నమ్మడానికి లేదు. కారణం పూర్తిగా తేలని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్న మండలాల్లో వజ్రపుకొత్తూరు ఒకటి. పని చేసే వయసులోనే మనుషులు డయాలసిస్ మంచానికి చేరిన ఇళ్లు ఇక్కడ ఉన్నాయి. మిగిలినవారిలో చాలామంది గల్ఫ్ దేశాల్లో, సింగపూర్‌లో, చెన్నైలో, గుజరాత్ రేవుల్లో ఉంటారు. కథను పూర్తి చేయవలసినవారే లేని చోట ఆ చిత్రం సగంలో ఆగిపోయినట్టేనా అన్నది ఒదాఁకు వేయవలసిన ప్రశ్న.

సమాధానం కెమెరా నిర్మాణంలోనే ఉంది. ఇళ్లలో వాడిన వీడియో కెమెరాకు మైకు దాని ఒంటిమీదే ఉంటుంది. ఎదురుగా రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డ తల్లి పది అడుగుల దూరంలో ఉంటే, కెమెరా పట్టుకున్న కొడుకు నోరు మైకుకు జానెడు దూరంలో ఉంటుంది. ఓడ పైఅంతస్తులో గాలి హోరుకు తల్లి మాట కొట్టుకుపోతుంది. కొడుకు ఊపిరి కూడా నమోదవుతుంది. శబ్దస్థాయిని యంత్రమే సర్దుకునే ఏర్పాటు వల్ల, అందరూ మౌనంగా ఉన్న క్షణాల్లో చిన్న దగ్గు, గొంతు సవరింపు పెద్దవై వినిపిస్తాయి. అంటే దృశ్యమంతా ఎదుటివారిది, ధ్వనిలో సింహభాగం తెర వెనుక మనిషిది. ఇంటి వీడియోకు కర్త లేడన్న ఆక్షేపణ చెవులు మూసుకుని చూసినప్పుడే నిలుస్తుంది.

రొలాఁ బార్త్ 1980లో ఛాయాచిత్రంపై రాసిన పుస్తకంలో చనిపోయిన తల్లిని ఆమె చిన్ననాటి ఫొటోలో గుర్తుపట్టాడు. ఆ ఫొటోను మాత్రం పాఠకుడికి చూపలేదు. కదిలే బొమ్మ ఆలోచనకు వ్యవధి ఇవ్వదని అతడి అనుమానం. సినిమా హాలు విషయంలో అది నిజం కావచ్చు. ఇంటి వీడియోకు వెనక్కి తిప్పే మీట ఉంది. మళ్లీ చూసేవారు ఆ మీటను బొమ్మ కోసం నొక్కేది కొంత, మాట కోసం నొక్కేది ఎక్కువ. తండ్రి ముఖం గోడమీద పటంలో ఎలాగూ ఉంది. ఆయన ‘అమ్మీ’ అని పిలిచిన తీరు మరెక్కడా లేదు.

భాషాశాస్త్ర దృష్టితో చూసినా ఈ గొంతు అపురూపం. ఊరు విడిచిన కొత్తలో ప్రవాసి కొడుకు తల్లితో మాట్లాడేటప్పుడు ‘ఇటు సూడమ్మా’, ‘ఏటి, భయమేస్తందా’ అనే అంటాడు. పక్కన తోటి ఉద్యోగి కుటుంబం నిలబడగానే అదే నోట ‘చూడండి’ వస్తుంది, వెయిటర్ రాగానే ఇంగ్లీషు. ఒకే టేపులో, ఒకే మనిషి, అయిదు నిమిషాల వ్యవధిలో మూడు భాషారూపాలు వాడతాడు. కళింగాంధ్ర మాండలికాన్ని కథల్లోంచి ఏరుకునే పరిశోధకుడికి అక్కడ దొరికేది రచయిత చెవి గుండా వడగట్టిన మాట. ఇక్కడ వడపోత లేదు.

4. ‘ఆఫ్టర్‌సన్’ ఏం సాధించింది, ఎక్కడ తడబడింది

పాత సెలవుల వీడియోను మళ్లీ చూడటమే ఇతివృత్తంగా ఇటీవల వచ్చిన చిత్రాల్లో షార్లెట్ వెల్స్ 2022లో తీసిన ‘ఆఫ్టర్‌సన్’ ప్రధానమైనది. పదకొండేళ్ల సోఫీ, ఆమె తండ్రి కేలమ్ టర్కీలోని ఒక విడిదిలో 1990ల చివర్లో గడిపిన సెలవులు దాని కథ. అది ఓడ కాదు, సముద్రతీరపు హోటలు. మధ్యలో ఈతకు వెళ్లే చిన్న పడవ ప్రయాణం మాత్రం ఉంది. తండ్రి వయసుకు తానూ చేరిన సోఫీ, నాటి మినీడీవీ టేపులను తన ఇంట్లో చూసుకుంటుంది.

ఈ చిత్రం సాధించిన గొప్ప విషయం, కెమెరా చేతులు మారుతూ ఉండటం. కూతురు పట్టుకున్నప్పుడు తండ్రి కనిపిస్తాడు. తండ్రి పట్టుకున్నప్పుడు కూతురు కనిపిస్తుంది, అతడు మాటగా మిగులుతాడు. కూతురు ఆటగా ఒక ప్రశ్న వేస్తుంది: తన వయసులో ఉన్నప్పుడు తండ్రి భవిష్యత్తు గురించి ఏమనుకున్నాడని. తండ్రి కెమెరా ఆపమంటాడు. ఆ తరువాతి సంభాషణను దర్శకురాలు హోటలు గదిలోని ఆరిపోయిన టీవీ గాజులో ప్రతిబింబంగా చూపిస్తుంది. టేపులో నమోదు కానిదాన్ని చూపడానికి టేపు ఆడవలసిన టీవీనే వాడుకోవడం సూక్ష్మమైన ఊహ. ఇంటి వీడియోలో అతి ముఖ్యమైన మాట తరచు కెమెరా ఆగిన తరువాతే వస్తుందని ఇంత పొదుపుగా చెప్పిన సన్నివేశం అరుదు.

తడబాటు మరోచోట ఉంది. తండ్రి ఒంటరితనాన్ని ప్రేక్షకుడికి అందించడానికి చిత్రం మెరుపు దీపాల మధ్య నృత్యశాలను పదే పదే తెస్తుంది. టేపు మీద నమ్మకం చాలక కల్పనను తోడు తెచ్చుకున్నట్టు అనిపించే ఘట్టాలవి. చివర విమానాశ్రయంలో చేయి ఊపుతున్న పాప బొమ్మ నిలిచిపోయి, కెమెరా నెమ్మదిగా తిరిగి, టేపు చూస్తున్న పెద్ద సోఫీ మీదుగా వెళ్లి, కెమెరా మూసి వెళ్లిపోతున్న తండ్రిని చూపుతుంది. చిత్రించిన మనిషిని చిత్రంలోకి తీసుకురావడం అక్కడ పూర్తవుతుంది. అసలు టేపుకు ఆ అదృష్టం ఉండదు. దానిలోని తండ్రిని ఎంత వెనక్కి తిప్పినా చూడలేరు. ఈ వాస్తవాన్ని కల్పన సానుభూతితో దాటేసింది, విమర్శ దాటకూడదు.

ఆస్ట్రియా దర్శకుడు గుస్తావ్ డాయిచ్ 1990లో కూర్చిన ‘అడ్రియా’ దీనికి పూర్తిగా ఎదురు దారి. 1954–68 నాటి అజ్ఞాత పర్యాటకుల సముద్రతీర చిత్రాలను సేకరించి, కథ లేకుండా, కెమెరా చేసే చేష్టల ప్రకారం వర్గీకరించాడు. ఆ వర్గీకరణ చూశాక ఏ కుటుంబపు సెలవుల టేపూ అంత సొంతమైనదిగా కనిపించదు. ఓడ టేపుల్లోనూ అంతే: ఇరుకు గది చూపడం, గుండ్రటి కిటికీలో నీరు చూపడం, భోజనశాల, ఓడ వెనుక తెల్లని నురగబాట. దృశ్యాలన్నీ అందరివీ ఒకటే. తేడా చూపేది గొంతే. డాయిచ్ పద్ధతి దృశ్యాల సామ్యాన్ని గొప్పగా పట్టుకుంది కానీ, ఒక టేపును మరో టేపు నుంచి వేరు చేసే గుణాన్ని పట్టించుకోలేదు.

5. పెళ్లి క్యాసెట్టు, సినిమా పాట

తెలుగు ఇళ్లలో వీడియో అంటే మొదట గుర్తొచ్చేది ఓడ కాదు, పెళ్లి. ఊరంతటికీ ఒకేసారి పెళ్లిళ్లు జరిపే ఆచారానికి పేరుపడిన నువ్వలరేవు ఉన్న మండలంలో ఈ సంగతి మరీ చెప్పనక్కర్లేదు. 1990ల పెళ్లి క్యాసెట్టుకు ఒక స్థిరమైన అలంకారశాస్త్రం ఉంది. వధూవరుల ముఖాలు హృదయాకారంలో విచ్చుకుంటాయి, గులాబీలు రాలతాయి, తలంబ్రాల దగ్గర బొమ్మ నెమ్మదిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు వినిపిస్తాయి. పెళ్లిపందిట్లో అసలు ఎవరేం మాట్లాడుకున్నారో ఆ పాటల కింద సమాధి అయిపోయింది. మేనత్త వేళాకోళం, తాతగారి కోపం, అప్పగింతలప్పుడు తల్లి ఏడ్చిన ఏడుపు – అన్నిటి మీదా ఒకే నేపథ్యగాయకుడు పాడతాడు.

దీనికి వీడియో తీసినవారిని తప్పు పట్టి లాభం లేదు. అది వారికి అప్పగించిన పని. మాట ‘గోల’, పాట ‘అందం’ అన్న అభిరుచిని కుటుంబాలే కోరుకున్నాయి. ఫలితంగా తెలుగు సమాజం కోట్ల గంటల దృశ్యాన్ని మిగుల్చుకుని, అందులోని మాటను చాలావరకు పారేసుకుంది. ఆ నేపథ్యంలో ఓడ మీది ఇంటి టేపు విలువ పెరుగుతుంది. దానికి స్టూడియో లేదు, కూర్పు లేదు, పాట లేదు. డబ్బిచ్చి తీయించిన వీడియోలో పోయిన గొంతు, చేతకాక తీసిన వీడియోలో దక్కింది.

6. చట్రం అంచున ఉన్నవారు

మళ్లీ చూడటంలో కాలం గడిచేకొద్దీ చూపు బొమ్మ నడుమ నుంచి అంచుకు జరుగుతుంది. మొదటిసారి చూసినప్పుడు తల్లి కట్టిన పట్టుచీర, మెడలో కొత్త గొలుసు కనిపిస్తాయి. ఇరవై ఏళ్ల తరువాత ఆమె వెనుక పళ్లెం పట్టుకుని నిలబడ్డ కుర్రవాడు కనిపిస్తాడు. విహారనౌకల్లో పనివారు ఎక్కువగా ఫిలిప్పీన్స్, ఇండొనేసియా, భారతదేశం నుంచి వచ్చినవారే. భోజనశాలలో వారు వరుసగా చప్పట్లు కొడుతూ నాట్యమాడే రాత్రి దాదాపు ప్రతి టేపులోనూ ఉంటుంది. ఆ నవ్వు జీతంలో భాగమని మొదటిసారి చూసినవారికి తట్టదు. సొంత ఊరి కుర్రాళ్లు పరాయి రేవుల్లో పనికి వెళ్లడం చూసిన తరువాత తడుతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని ఎదుర్కోవాలి. సముద్రం మీద వేటకు వెళ్లేవారి తీరంలో నిలబడి, కొద్దిమంది కలిగినవారి విహారం టేపును చర్చించడం ఎంతవరకు సబబు? 2018లో గుజరాత్ బోట్లలో పనికి వెళ్లి పాకిస్తాన్ అధికారులకు చిక్కిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలయ్యారు. వారి అనుభవం 2025లో చందూ మొండేటి దర్శకత్వంలో ‘తండేల్’ సినిమాగా రావలసి వచ్చింది. పెద్ద తారల ముఖాలతో తప్ప ఆ ప్రయాణం తెరకెక్కలేదు. అభ్యంతరంలో బలం ఉంది. ఎవరి సముద్రానికి బొమ్మ ఉంది, ఎవరి సముద్రానికి లేదు అన్న అసమానత టేపు లోపల కూడా కనిపిస్తుంది కాబట్టే దానిని చదవాలి, పక్కన పెట్టకూడదు. వేట తెలిసిన తండ్రి అలాంటి ఓడ ఎక్కితే, కెమెరా తన వైపు చూడమంటున్నా ఆయన చూపు నీటి రంగు మీదకు పోతుంది. కొడుకు అడిగేది ‘బాగుందా నాన్నా’ అని. తండ్రికి తెలియవలసింది ఈ నీటిలో ఏ చేప పడుతుందని. ఒకే సముద్రానికి సంబంధించిన రెండు భాషలు ఒకే చట్రంలో ఢీకొనే చోటు అది.

ఓడ మీద ఔత్సాహికుడు తీసిన చిత్రం ఎంత దూరం వెళ్లగలదో హంగరీ దర్శకుడు పీటర్ ఫోర్గాచ్ 1998లో ‘డాన్యూబ్ ఎక్సోడస్’ ద్వారా నిరూపించాడు. నాందోర్ ఆండ్రాషోవిచ్ అనే ఓడ కెప్టెన్ సరదాగా 8 మిల్లీమీటర్ల కెమెరాతో చిత్రాలు తీసేవాడు. 1939లో అతడి ప్రయాణికుల ఓడ యూదు శరణార్థులను డాన్యూబ్ నది మీదుగా నల్ల సముద్రం వైపు చేర్చింది. 1940లో బెస్సరాబియా నుంచి తరలిపోతున్న జర్మన్ రైతులను ఎదురు దిశలో తెచ్చింది. రెండు గుంపుల వారూ అదే ఓడమెట్ల మీద కూర్చున్నారు, తలలు దువ్వుకున్నారు, ఎండ కాచుకున్నారు. కెప్టెన్ వారిని విహారయాత్రికులను తీసినట్టే తీశాడు. ఆ చిత్రాలు మూగవి. ఫోర్గాచ్ వాటికి సంగీతం, దినచర్య రాతలు, శబ్దాలు జోడించవలసి వచ్చింది. కెప్టెన్ గొంతు లేకపోవడం ఆ గొప్ప చిత్రంలో తీరని వెలితి. అతడు శరణార్థులతో ఏం మాట్లాడుతూ తీశాడన్నది బొమ్మలు చెప్పవు.

గోదార్ 2010 నాటి ‘ఫిల్మ్ సోషలిజం’ మొదటి భాగాన్ని కోస్తా కొంకోర్డియా అనే విహారనౌకలో చిత్రించాడు. 2012 జనవరి 13న ఆ ఓడ ఇటలీలోని జిలియో దీవి దగ్గర రాతికి తగిలి ఒరిగిపోయింది. 32 మంది మరణించారు. ఆ తరువాత ఆ చిత్రంలోని భోజనశాలలను ఎవరూ మునుపటిలా చూడలేరు. బొమ్మ మారలేదు, చూసేవారికి తెలిసినది మారింది. ఉద్దానం ఇంట్లో ఈ మార్పుకు ఓడ మునగనక్కర్లేదు. టేపులో నీళ్ల సీసా పక్కన పెట్టి హాయిగా నవ్వుతున్న మనిషికి మరి నాలుగేళ్లలో మూత్రపిండాలు చెడతాయని చూసేవారికి తెలిస్తే చాలు.

7. పరిష్కర్త పని

టేపుకు ఆయువు తక్కువ. తీరపు తేమలో అయస్కాంత పూతకు బూజు పడుతుంది, పొరలు అతుక్కుంటాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు కప్పులు లేచిపోయిన ఇళ్లలో పెట్టెలు తడిశాయి. ఆడించే యంత్రాలు కూడా లేవు. ప్రపంచంలో చివరిగా వీసీఆర్‌లు తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఆ పని మానేసింది. 2025 తరువాత చాలా అయస్కాంత టేపులను కాపాడటం అసాధ్యమవుతుందని ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, శబ్ద భాండాగారం 2015లోనే హెచ్చరించింది. ఆ గడువు దాటింది.

మిగిలిన టేపులను పెన్‌డ్రైవుకు ఎక్కించే పని పట్టణాల్లోని ఫొటో స్టూడియోల చేతుల్లో ఉంది. అక్కడ జరిగే ‘శుభ్రం చేయడం’ పరిశోధకులకు ఆందోళన కలిగించవలసిన విషయం. కదిలిన భాగం కోస్తారు, చీకటి భాగం కోస్తారు, గాలి హోరు తగ్గిస్తారు, అలవాటు కొద్దీ పాట కలుపుతారు. పెళ్లి క్యాసెట్టు నుంచి ఇరవై ఏళ్లకు పైగా తప్పించుకున్న గొంతు చివరి నిమిషంలో ఇక్కడ దొరికిపోతుంది.

ఈ సమస్యకు మందు తెలుగు పండితులకు తెలియనిది కాదు. సి.పి. బ్రౌన్ కాలం నుంచి వ్రాతప్రతులను పోల్చి పాఠాన్ని నిర్ణయించే పద్ధతి తెలుగులో ఉంది. లేఖకుడి దోషాన్ని సవరించవచ్చు. కానీ సవరించినట్టు చెప్పాలి, మూలపాఠాన్ని పాఠాంతరంగా కింద చూపాలి. గ్రంథపాతం ఉన్నచోట ఖాళీ వదలాలే కానీ సొంత పద్యంతో పూడ్చకూడదు. ఇవే నియమాలను టేపుకు వర్తింపజేయవచ్చు. ఇంట్లో దొరికే క్యాసెట్టు చాలాసార్లు మూలప్రతి కాదు, కెమెరాలోని చిన్న టేపు నుంచి తీసిన నకలు. అమెరికాలోని అటకమీద మూలం ఉండవచ్చు; రెంటికీ తేడాలుంటాయి. ఏ ప్రతి నుంచి, ఏ యంత్రంతో, ఎంత నిడివిని మార్చారో రాసిపెట్టాలి. మార్చిన ప్రతి ఒకటి ఏ కోతా లేకుండా ఉండాలి. చుట్టాలకు చూపే అందమైన ప్రతి వేరుగా ఉండవచ్చు. ఎవరి గొంతు ఎవరిదో తెలిసిన పెద్దలు బతికుండగానే వారిని పక్కన కూర్చోబెట్టుకుని పేర్లు రాసుకోవాలి. ఈ చివరి పనికి యంత్రం అక్కర్లేదు. తెలుగు శాఖల్లో మాండలిక సేకరణ చేసే ఏ విద్యార్థి అయినా చేయగలడు.

వీటన్నిటిలో ముందుగా కోతకు గురయ్యేది టేపు చివరి భాగం. చిత్రణ అయిపోయిందనుకుని కొడుకు కెమెరాను కిందికి దించుతాడు. మీట నొక్కడం మరిచిపోతాడు. తెరమీద నాలుగైదు నిమిషాల పాటు ఓడ చెక్కనేల, తండ్రి కొత్త బూట్లు, తల్లి చీర కుచ్చిళ్లు తలకిందులుగా ఊగుతూ ఉంటాయి. స్టూడియోలో దీనిని ‘వేస్టు’ అంటారు. కెమెరా ఆగిందన్న నమ్మకంతో తల్లి అంతవరకూ అడగని మాటలు అడగడం మొదలుపెట్టేది అప్పుడే: దీనికంతటికీ ఎంతయిందిరా, అప్పు చేశావేటి, మరి ఊరు ఎప్పుడొస్తావు. తండ్రి ఆమెను ఊరుకోమంటాడు. కొడుకు ఏదో జవాబు చెబుతాడు. గాలి హోరులో అది సగమే వినిపిస్తుంది.